గ్రూపులవారీ డేటాను ఎక్సెల్‌లోకి పంపించడం: ఆర్, పైథాన్, స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్, శాస్ వాడేవాళ్లకి పూర్తి మార్గదర్శి

ఆర్, స్టాటా లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో డేటాని గ్రూపులు చేశాం, స్క్రీన్ మీద చక్కగా విడివిడిగా కనబడుతోంది, ఎక్స్‌పోర్ట్ కొట్టాం, తీరా ఎక్సెల్‌లో తెరిస్తే అంతా ఒకటే కుప్ప. గ్రూపులు ఏమైపోయాయి? ఎక్కడికీ పోలేదు, అసలు బయల్దేరనే లేదు. ఆర్‌లో 'గ్రూప్_బై' చేసినా, ఎస్‌పీఎస్‌ఎస్‌లో స్ప్లిట్ ఫైల్ పెట్టినా, అది "ఇకమీదట లెక్కలు విడివిడిగా చెయ్యి" అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం మాత్రమే. ఎక్సెల్ ఫైలుకి తెలిసినవి వరుసలు, కాలమ్‌లు, షీట్‌లు. గ్రూపు అనే సంగతి అక్కడికి చేరాలంటే దాన్ని ఈ మూడింట్లో ఏదో ఒకటిగా మనమే మార్చి పంపాలి. ఈ పని తెలియక చాలామంది అవుట్‌పుట్ విండోలోంచి టేబుళ్లు ఒక్కొక్కటే కాపీ-పేస్ట్ చేస్తూ కూర్చుంటారు. డేటా మారిందంటే మళ్ళీ మొదటినుంచి అదే పని.

ముందే ఒక మాట: కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి (పైథాన్‌లోని 'ఎక్సెల్‌రైటర్'లో మాత్రం రెండు పదాల మొదటి అక్షరాలూ పెద్దవి, 'ఫాల్స్'లో మొదటి అక్షరం పెద్దది, ఆర్‌లో 'ట్రూ' అంతా పెద్ద అక్షరాలే), అండర్‌స్కోర్ చూపించిన చోట అండర్‌స్కోర్, చుక్క అన్న చోట చుక్క పెట్టాలి.

ఉదాహరణకి మొత్తం 1,200 వరుసలున్న సర్వే ఫైలు ఒకటి అనుకుందాం. అందులో ఐడీ, తేదీ, జోన్ (ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర), లింగం, ఖర్చు అనే కాలమ్‌లు ఉన్నాయి. 37 వరుసల్లో జోన్ ఖాళీగా ఉంది. ఈ 37 గుర్తు పెట్టుకోండి, కింద చాలా చోట్ల వీటితోనే పేచీ.

అడుగు 1: ఏ రూపంలో కావాలో తేల్చుకోండి

"గ్రూపులవారీగా ఎక్సెల్‌లో పంపు" అని ఎవరైనా అడిగితే దానికి మూడు అర్థాలు ఉండొచ్చు. జోన్‌కి ఒక వరుస చొప్పున సగటు, మొత్తం, సంఖ్య లాంటివి ఉన్న సారాంశం టేబుల్ కావొచ్చు. ఒకే ఫైల్లో జోన్‌కి ఒక షీట్, అందులో ఆ జోన్ వరుసలన్నీ కావొచ్చు. లేదా జోన్‌కి ఒక ఫైలు కావొచ్చు.

అడిగినవాళ్ళు రెండోది అంటారు గానీ, వాళ్ళు చెయ్యబోయే పని చూస్తే చాలాసార్లు మొదటిదో, లేదా అసలు ఏ ముక్కలూ చెయ్యని ఒకే షీటో సరిపోతుంది. వరుసలన్నీ ఒకే షీట్‌లో, పక్కన జోన్ కాలమ్‌తో ఉంటే ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టుకోవచ్చు, పివట్ టేబుల్ చేసుకోవచ్చు. అదే నలభై షీట్లుగా ముక్కలు చేసి ఇస్తే వాళ్ళు మళ్ళీ అన్నీ అతికించుకోవాలి. షీట్లుగా విడగొట్టడం ఎప్పుడు మంచిదంటే, ఒక్కో షీట్‌ని ఒక్కో మనిషి చూసి నింపాల్సి ఉన్నప్పుడు, లేదా నేరుగా ప్రింట్ తీసేటప్పుడు. ఒకరి డేటా ఇంకొకరు చూడకూడదనుకుంటే మాత్రం విడి ఫైళ్ళే పంపాలి. షీట్‌ని దాచిపెట్టి పంపితే రెండు క్లిక్కుల్లో బయటపడుతుంది.

అడుగు 2: గ్రూపు కాలమ్‌ని శుభ్రం చెయ్యండి

ఎక్స్‌పోర్ట్‌కి ముందు జోన్ కాలమ్ మీద ఒక ఫ్రీక్వెన్సీ టేబుల్ (ఏ విలువ ఎన్ని వరుసల్లో ఉందో చూపేది) తీయండి, ఖాళీలు కూడా లెక్కలో కనబడేలా. నాలుగు జోన్లు రావాల్సిన చోట ఆరు వస్తే 'ఉత్తరం' తర్వాత ఎక్కడో ఒక స్పేస్ అంటుకుని ఉంటుంది, లేదా ఇంగ్లీషులో ఉంటే ఒకచోట పెద్ద అక్షరం, ఒకచోట చిన్న అక్షరం. సాఫ్ట్‌వేర్‌కి అవి వేర్వేరు గ్రూపులు. ఎక్సెల్ షీట్ పేర్లలో మాత్రం పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లెక్కలోకి రాదు కాబట్టి, ఆ రెండు గ్రూపుల్నీ షీట్లుగా రాయబోతే పేరు కొట్టుకుని ఎర్రర్ రావొచ్చు.

ఖాళీగా ఉన్న 37 వరుసల్ని ఏం చెయ్యాలో ఇక్కడే నిర్ణయించండి. నా మటుకు వాటికి 'జోన్ తెలియదు' అని ఒక విలువ ఇచ్చేసి మామూలు గ్రూపులాగే పంపడం మేలు. ఖాళీగా వదిలేస్తే ఒక సాఫ్ట్‌వేర్ వాటిని ఉంచుతుంది, ఇంకోటి చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు కమాండ్లు రెండు రకాలుగా చెయ్యడం కూడా కద్దు.

ఫ్రీక్వెన్సీ టేబుల్‌లో వచ్చిన సంఖ్యలు ఒకచోట రాసిపెట్టుకోండి. చివర్లో సరిచూడ్డానికి ఇవే కావాలి.

ఆర్‌లో

సారాంశం టేబుల్‌కి డీప్లయర్ ప్యాకేజీలోని 'గ్రూప్_బై', ఆ తర్వాత 'సమ్మరైజ్'. జోన్, లింగం రెండింటి మీద గ్రూపు చేసి సగటు ఖర్చు, వరుసల సంఖ్య తీశారనుకోండి, ఎనిమిది వరుసల టేబుల్ వస్తుంది (ఖాళీ జోన్ ఉంటే ఇంకో రెండు). ఇక్కడొక మెలిక ఉంది. 'సమ్మరైజ్' అయ్యాక చివరి గ్రూపు, అంటే లింగం, ఊడిపోతుంది గానీ జోన్ గ్రూపింగ్ ఇంకా అలాగే అంటుకుని ఉంటుంది. ఆ తర్వాత మీరు "సంఖ్యని మొత్తంతో భాగించి శాతం" అని కొత్త కాలమ్ చేస్తే అది మొత్తం సర్వేలో శాతం కాదు, ఆ జోన్‌లోపల శాతం. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ని కూడితే 100 రావాల్సింది 400 వస్తుంది (ఖాళీ జోన్ కూడా ఉంటే 500). కావాలని చేస్తే సరే. లేకపోతే 'సమ్మరైజ్' లోపల చుక్క-గ్రూప్స్ ఆర్గ్యుమెంట్‌కి 'డ్రాప్' అని ఇవ్వండి, లేదా విడిగా 'అన్‌గ్రూప్' పిలవండి. డీప్లయర్ 1.1.0 నుంచి చుక్క-బై అనే ఆర్గ్యుమెంట్ వచ్చింది, దాంతో గ్రూపు చేస్తే గ్రూపింగ్ మిగలదు, ఈ గొడవే ఉండదు.

ఫైలు రాయడానికి రైట్‌ఎక్స్‌ఎల్ ప్యాకేజీ చాలు. జావా అక్కర్లేదు, 'రైట్_ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్' ఒక్క ఫంక్షనే, డేటా ఇచ్చి ఫైలు పేరు ఇస్తే అయిపోతుంది. రంగులు, కాలమ్ వెడల్పులు, సంఖ్యల ఫార్మాట్లు కావాలంటే ఓపెన్‌ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసుకోండి. దాంట్లో వర్క్‌బుక్ తయారుచేసి, షీట్ కలిపి, డేటా రాసి, చివర్లో సేవ్ చెయ్యాలి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ప్యాకేజీకి జావా కావాలి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

జోన్‌కి ఒక షీట్ కావాలంటే ఇంకా తేలిక. బేస్ ఆర్‌లోని 'స్ప్లిట్' ఫంక్షన్‌కి డేటా, జోన్ కాలమ్ ఇవ్వండి. నాలుగు డేటాఫ్రేమ్‌ల (అంటే టేబుళ్ళ) లిస్టు వస్తుంది, ఒక్కోదానికి జోన్ పేరే పేరుగా ఉంటుంది. ఆ లిస్టుని అలాగే 'రైట్_ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్'కి ఇస్తే ఒక్కో ముక్క ఒక్కో షీట్, లిస్టులోని పేర్లే షీట్ పేర్లు. లూప్ కూడా అవసరం లేదు. డీప్లయర్‌లోని 'గ్రూప్_స్ప్లిట్' కూడా ఇలాంటిదే గానీ అది పేర్లు లేని లిస్టు ఇస్తుంది, పేర్లు 'గ్రూప్_కీస్' నుంచి తెచ్చి మీరే తగిలించాలి. అందుకే ఈ పనికి పాత 'స్ప్లిట్టే' సుఖం.

ఇప్పుడు ఆ 37 సంగతి. 'గ్రూప్_బై' ఖాళీ జోన్‌ని కూడా ఒక గ్రూపుగా ఉంచుతుంది, కాబట్టి సారాంశంలో మొత్తం 1,200 వస్తుంది. 'స్ప్లిట్' మాత్రం ఖాళీ వరుసల్ని వదిలేస్తుంది, షీట్లన్నీ కూడితే 1,163. ఒకే ఫైల్లో సారాంశం షీట్ ఒక మొత్తం, వివరాల షీట్లు ఇంకో మొత్తం చూపిస్తాయి, హెచ్చరిక ఒక్కటి కూడా రాదు. అడుగు 2లో ఖాళీలకి పేరు పెట్టి ఉంటే ఈ బాధ లేదు.

రివర్స్ కేసు కూడా ఉంది. జోన్ ఒక ఫ్యాక్టర్ (రాదగ్గ విలువల జాబితా ముందే ఉన్న కాలమ్, ఆ విలువలే లెవెల్స్) అయి, దాంట్లో ఇప్పుడు ఎవరూ లేని 'మధ్య' అనే లెవెల్ మిగిలిపోయి ఉంటే, 'స్ప్లిట్' దానికీ ఒక ఖాళీ షీట్ తయారుచేస్తుంది. 'డ్రాప్' ఆర్గ్యుమెంట్‌కి ట్రూ ఇవ్వండి.

పైథాన్‌లో, అంటే పాండాస్‌లో

పాండాస్ అంటే పైథాన్‌లో టేబుళ్ళతో పని చేసే లైబ్రరీ. దాని 'గ్రూప్‌బై' గ్రూపు కాలమ్ ఖాళీగా ఉన్న వరుసల్ని డిఫాల్ట్‌గా వదిలేస్తుంది. సారాంశంలోనూ, లూప్‌లోనూ. 1.1 వెర్షన్ నుంచి 'డ్రాప్‌ఎన్‌ఏ' అనే ఆర్గ్యుమెంట్ ఉంది, దానికి ఫాల్స్ ఇస్తే ఉంచుతుంది. అలాగే 'కౌంట్'కి, 'సైజ్'కి తేడా చూసుకోండి: 'కౌంట్' ఆ కాలమ్‌లో విలువ ఉన్నవాటినే లెక్కపెడుతుంది, 'సైజ్' గ్రూపులోని వరుసలన్నీ లెక్కపెడుతుంది. ఖర్చు చెప్పని మనుషులు పది మంది ఉంటే ఈ రెండూ పదితో తేడాగా వస్తాయి. టేబుల్‌లో 'సంఖ్య' అని ఏది వేశారో మీకు తెలిసి ఉండాలి.

గ్రూపు చేశాక జోన్, లింగం ఇండెక్స్‌లోకి (వరుసల పేర్లుండే చోటికి) వెళ్ళిపోతాయి. అలాగే ఎక్సెల్‌కి రాస్తే 'ఉత్తరం' అనే సెల్ రెండు వరుసల మీద మెర్జ్ అయి వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, ఫిల్టర్ పెడితే గందరగోళం, సార్ట్ చెయ్యబోతే ఎక్సెల్ ఒప్పుకోదు. 'రీసెట్_ఇండెక్స్' పిలిచి వాటిని మామూలు కాలమ్‌లుగా మార్చి, 'టూ_ఎక్సెల్'లో ఇండెక్స్ ఫాల్స్ పెట్టి రాయండి. ఇంకోటి, సారాంశం లెక్కలు చేసే 'ఆగ్'కి ఒక్కో కాలమ్‌కి రెండు మూడు ఫంక్షన్లు లిస్టుగా ఇస్తే హెడింగులు రెండు అంతస్తులు అవుతాయి, అప్పుడు ఇండెక్స్ ఫాల్స్ పెట్టి రాయబోతే పాండాస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కొత్త కాలమ్‌కి పేరు పెట్టి, దానికి కాలమ్, ఫంక్షన్ జతగా ఇచ్చే పద్ధతి వాడితే హెడింగ్ ఒకే వరుసలో ఉంటుంది.

షీట్లకి 'ఎక్సెల్‌రైటర్' వాడాలి. దాన్ని 'విత్' బ్లాక్‌లో తెరిచి, లోపల లూప్ పెట్టి, ప్రతి గ్రూపునీ ఆ రైటర్‌కి వేరే షీట్ పేరుతో రాయాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: లూప్ లోపల రైటర్‌కి బదులు నేరుగా ఫైలు పేరు ఇచ్చేస్తారు. అప్పుడు ప్రతి గ్రూపూ ముందు ఫైలుని తుడిచేసి కొత్తగా రాస్తుంది, చివరికి ఫైల్లో చివరి గ్రూపు ఒక్కటే మిగులుతుంది. ఎర్రరేమీ ఉండదు. 'విత్' వాడకపోతే చివర్లో 'క్లోజ్' పిలవడం మర్చిపోకండి, లేకపోతే ఫైలు పూర్తిగా రాయబడదు.

చిన్న విషయం గానీ తలనొప్పి పెట్టేది: గ్రూపు కాలమ్ పేరుని స్క్వేర్ బ్రాకెట్లలో లిస్టుగా ఇస్తే, పాండాస్ 2.0 నుంచి లూప్‌లో వచ్చే గ్రూపు పేరు టపుల్‌గా (బ్రాకెట్లలో ఉండే విలువల వరుసగా) వస్తుంది. దాన్ని స్ట్రింగ్ చేసి షీట్ పేరు పెడితే బ్రాకెట్లు, కోట్లు, కామాతో సహా వికారంగా వస్తుంది. ఒకే కాలమ్ అయితే లిస్టు లేకుండా పేరు మాత్రమే ఇవ్వండి.

స్టాటాలో

సారాంశానికి 'కొలాప్స్'. మంచి కమాండే గానీ మెమరీలో ఉన్న డేటాని తీసేసి ఆ స్థానంలో సారాంశాన్ని పెట్టేస్తుంది. అందుకని ముందు 'ప్రిజర్వ్', అయ్యాక 'రిస్టోర్'. మధ్యలో 'కొలాప్స్' చేసి 'ఎక్స్‌పోర్ట్ ఎక్సెల్' కొట్టండి. 'ఫస్ట్‌రో' ఆప్షన్‌లో 'వేరియబుల్స్' అని ఇవ్వకపోతే హెడింగ్ వరుస రాదు, మొదటి వరుసలోనే డేటా మొదలవుతుంది. వేరియబుల్ పేర్లకి బదులు లేబుళ్ళు కావాలంటే అక్కడ 'వార్‌లేబుల్స్' అనండి.

జోన్‌కి 1, 2, 3, 4 అని కోడ్లు ఉండి వాటికి వాల్యూ లేబుళ్ళు (ఒక్కో కోడ్‌కి ఒక పేరు) తగిలించి ఉంటే, స్టాటా డిఫాల్ట్‌గా లేబుళ్ళనే పంపిస్తుంది. కోడ్లే కావాలంటే 'నోలేబుల్'. ఎవరికి పంపుతున్నామో చూసుకుని ఎంచుకోవాలి. మనుషులు చదివేదైతే లేబుల్, ఇంకో సాఫ్ట్‌వేర్ చదివేదైతే కోడ్.

షీట్లకి 'లెవెల్స్‌ఆఫ్'తో జోన్ విలువలన్నీ ఒక లోకల్ మాక్రోలోకి (తాత్కాలికంగా ఒక పేరు కింద దాచుకునే చోటికి) తీసుకుని, 'ఫర్‌ఈచ్' లూప్ పెట్టి, ఒక్కో విలువకి 'ఇఫ్' షరతుతో ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. లూప్ లోపల 'రీప్లేస్' అని రాస్తే పాండాస్‌లో చెప్పిన కథే, మొత్తం ఫైలు ప్రతిసారీ కొట్టుకుపోతుంది. రాయాల్సింది 'షీట్‌రీప్లేస్'. కొత్త వెర్షన్లలో షీట్ పేరు రాసే బ్రాకెట్లలోపలే కామా పెట్టి 'రీప్లేస్' అంటారు, పని అదే, ఆ ఒక్క షీట్‌నే మారుస్తుంది. ఆర్‌లో చూసిన తేడా ఇక్కడ కూడా ఉంది: 'కొలాప్స్' ఖాళీ జోన్‌ని గ్రూపుగా ఉంచుతుంది, 'లెవెల్స్‌ఆఫ్' వదిలేస్తుంది. 'మిస్సింగ్' ఆప్షన్ చేర్చాలి.

స్టాటాకి మిస్సింగ్ అంటే అన్ని సంఖ్యల కంటే పెద్దది. అందుకని "ఖర్చు 5000 కంటే ఎక్కువ ఉన్నవాళ్ళని ఒక షీట్‌లో పంపు" అని షరతు రాస్తే, ఖర్చు చెప్పనివాళ్ళు కూడా దర్జాగా ఆ షీట్‌లో కూర్చుంటారు. షరతులో "మిస్సింగ్ కాకుండా" అని కూడా చేర్చండి.

సొంత నమూనాలో, ఫలానా సెల్‌లో ఫలానా సంఖ్య పడాలనుకుంటే 'పుట్‌ఎక్సెల్' ఉంది. వెర్షన్ 17, ఆ పైన ఉంటే 'టేబుల్' కమాండ్‌తో టేబుల్ కట్టి 'కలెక్ట్ ఎక్స్‌పోర్ట్'తో పంపడం అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో

ఇక్కడ స్ప్లిట్ ఫైల్‌ని చూసి మోసపోయేవాళ్ళు ఎక్కువ. అది విశ్లేషణల అవుట్‌పుట్‌ని మాత్రమే విడగొడుతుంది. స్ప్లిట్ ఆన్‌లో ఉంచి డేటాని ఎక్సెల్‌గా సేవ్ చేస్తే వరుసలన్నీ ఒకే షీట్‌లోకి వెళ్తాయి.

అవుట్‌పుట్ టేబుళ్ళే కావాలంటే స్ప్లిట్ ఫైల్ సరైనదే. డేటా మెనూలో స్ప్లిట్ ఫైల్ తెరిచి 'కంపేర్ గ్రూప్స్' ఎంచుకుంటే గ్రూపులన్నీ ఒకే టేబుల్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి, 'ఆర్గనైజ్ అవుట్‌పుట్ బై గ్రూప్స్' అయితే గ్రూపుకో టేబుల్. ఎక్సెల్‌కి పంపడానికి మొదటిదే నయం. డిస్క్రిప్టివ్స్ నడిపి, అవుట్‌పుట్ విండోలో ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్, రకం దగ్గర ఎక్సెల్. పని అయ్యాక స్ప్లిట్ ఆఫ్ చెయ్యండి, లేకపోతే తర్వాత చేసే ప్రతి విశ్లేషణా ముక్కలు ముక్కలుగా వస్తుంది.

సారాంశం డేటాగా కావాలంటే డేటా మెనూలో 'అగ్రిగేట్'. బ్రేక్ వేరియబుల్ దగ్గర జోన్ పెట్టండి. కింద సేవ్ భాగంలో డిఫాల్ట్‌గా ఉండేది "ఉన్న డేటాకే కొత్త కాలమ్‌లు కలుపు" అన్నది, దాన్ని అలాగే వదిలేస్తే 1,200 వరుసల పక్కనా అదే సగటు మళ్ళీ మళ్ళీ పడుతుంది. కొత్త డేటాసెట్ అనే ఆప్షన్‌కి మార్చండి. తర్వాత ఆ కొత్త డేటాసెట్‌ని సేవ్ యాజ్‌లో ఎక్సెల్ 2007 తర్వాతి ఫార్మాట్‌గా సేవ్ చేసేటప్పుడు రెండు టిక్కులు చూసుకోండి: వేరియబుల్ పేర్లు రాయమనేది ఒకటి, విలువల బదులు వాల్యూ లేబుళ్ళు రాయమనేది ఇంకోటి.

గ్రూపుకో ఫైలు అయితే సింటాక్స్ (మెనూలకి బదులు టైప్ చేసే కమాండ్లు) రాయడమే మేలు, రాయడం కష్టం కూడా కాదు: 'టెంపరరీ', దాని కింద 'సెలెక్ట్ ఇఫ్' జోన్ ఒకటికి సమానం, దాని కింద 'సేవ్ ట్రాన్స్‌లేట్'. ఇదే మూడు లైన్లు జోన్ రెండుకి, మూడుకి, నాలుగుకి. ఆ 'టెంపరరీ' లైను మర్చిపోతే మొదటి జోన్ తప్ప మిగతా వరుసలన్నీ పని చేస్తున్న ఫైల్లోంచి నిజంగానే పోతాయి. ఆ తర్వాత సేవ్ కొడితే అసలు ఫైలు కూడా పోయినట్టే.

శాస్‌లో

నిజం చెప్పాలంటే గ్రూపుకో షీట్ అనే పని శాస్‌లో ఉన్నంత తేలిగ్గా ఎక్కడా లేదు. ముందు 'ప్రాక్ సార్ట్'తో జోన్ ప్రకారం వరుస పెట్టండి. తర్వాత 'ఓడీఎస్ ఎక్సెల్' తెరిచి, ఆప్షన్లలో 'షీట్_ఇంటర్వల్'కి 'బైగ్రూప్' ఇవ్వండి, 'షీట్_నేమ్'లో హ్యాష్ గుర్తు పెట్టి 'బైవాల్', బ్రాకెట్లలో జోన్ కాలమ్ పేరు ఇవ్వండి. 'ప్రాక్ ప్రింట్'లో 'బై' జోన్. చివర్లో 'ఓడీఎస్ ఎక్సెల్ క్లోజ్', ఇది లేనిదే ఫైలు పూర్తవదు. ఫార్మాటింగ్ వద్దు, డేటా మాత్రమే చాలు అనుకుంటే 'ప్రాక్ ఎక్స్‌పోర్ట్'.

సారాంశానికి 'ప్రాక్ మీన్స్'లో 'క్లాస్' కింద జోన్, లింగం పెట్టి అవుట్‌పుట్ డేటాసెట్ తీస్తాం. 'ఎన్‌వే' ఆప్షన్ పెట్టకపోతే అందులో మొత్తం సర్వేకి ఒక వరుస, లింగం వారీ వరుసలు, జోన్ వారీ వరుసలు, రెండూ కలిపిన వరుసలు అన్నీ కలిసి వస్తాయి. ఏ వరుస ఏ స్థాయిదో '_టైప్_' కాలమ్‌లో 0 నుంచి 3 దాకా అంకెలతో ఉంటుంది. ఆ కాలమ్ అర్థం తెలియనివాళ్ళు ఎక్సెల్‌లో '_ఫ్రీక్_' కాలమ్‌ని కూడితే అసలు సంఖ్యకి నాలుగు రెట్లు వస్తుంది. 'ఎన్‌వే' పెడితే అన్నిటికంటే లోపలి స్థాయి వరుసలే వస్తాయి. ఇక్కడా క్లాస్ కాలమ్ ఖాళీగా ఉన్న వరుసలు లెక్కలోకి రావు, కావాలంటే 'మిస్సింగ్' అని చెప్పాలి.

షీట్ పేర్ల దగ్గర వచ్చే చిక్కులు

ఎక్సెల్ షీట్ పేరు 31 అక్షరాలు దాటకూడదు. ముందుకి, వెనక్కి వాలే గీతలు, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, స్క్వేర్ బ్రాకెట్లు పేరులో ఉండకూడదు. పేరు అపాస్ట్రఫీతో మొదలవకూడదు, ముగియకూడదు. ఖాళీ పేరు కుదరదు, 'హిస్టరీ' అనే ఇంగ్లీషు పేరుని ఎక్సెల్ తన కోసం ఉంచేసుకుంది. తేదీల మీద గ్రూపు చేసి వాలు గీతలతో ఉన్న తేదీనే షీట్ పేరుగా ఇచ్చినప్పుడు ఈ ఎర్రర్ ఖాయం.

పొడుగు పేర్లని కొన్ని ప్యాకేజీలు ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి, కొన్ని కత్తిరించి ముందుకి పోతాయి. కత్తిరించాక రెండు పేర్లు ఒకటే అయిపోయే ప్రమాదం ఉంది, 'ఉత్తర మండల ప్రాథమిక' అని మొదలై చివర్లో మాత్రం తేడా ఉండే పేర్లకి ఇది మామూలే. నేనైతే ముందుగానే ప్రతి గ్రూపుకీ ఒక చిన్న కోడ్ పేరు ఇచ్చి, మొదటి షీట్‌లో కోడ్, పూర్తి పేరు, వరుసల సంఖ్య ఉన్న సూచిక పెడతాను.

సంఖ్యలు, ఐడీలు, తేదీలు

ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిలుస్తాయి. 16 అంకెల ఐడీని సంఖ్యగా పంపితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఐడీలని ఎప్పుడూ టెక్స్ట్‌గా మార్చి పంపండి. ముందున్న సున్నాలు పోకుండా ఉండటానికి కూడా అదే మందు. స్టాటాలో ఇంకా ముందే పోతుంది: 'జనరేట్'తో చేసిన కాలమ్ డిఫాల్ట్‌గా ఫ్లోట్ (తక్కువ కచ్చితత్వం ఉన్న సంఖ్యల రకం), అది 1,67,77,216 దాటిన పూర్ణ సంఖ్యలన్నిటినీ కచ్చితంగా దాచలేదు. తొమ్మిది అంకెల ఐడీ అలా చేస్తే ఎక్స్‌పోర్ట్‌కి ముందే చివరి అంకెలు మారిపోయి ఉంటాయి. లాంగ్, డబుల్ లేదా స్ట్రింగ్ వాడండి.

సగటుల్ని రెండు దశాంశాలకి కుదించి టెక్స్ట్‌గా పంపడం వద్దు. పూర్తి సంఖ్యే పంపి, ఎన్ని దశాంశాలు కనబడాలో ఎక్సెల్ ఫార్మాట్‌లో చెప్పండి.

తేదీలు లోపల ఎక్కడైనా సంఖ్యలే, కాకపోతే మొదలు వేరు. స్టాటా, శాస్ 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడతాయి, ఆర్ 1970 జనవరి 1 నుంచి, ఎస్‌పీఎస్‌ఎస్ అయితే 1582 అక్టోబర్ 14 నుంచి సెకన్లు. ఫార్మాట్ ఊడిపోయి ఉత్త సంఖ్య వెళ్ళిందనుకోండి: 2020 జనవరి 1 స్టాటాలో 21915, దాన్నే ఎక్సెల్‌లో తేదీ ఫార్మాట్‌లోకి మారిస్తే 1959 డిసెంబర్ 31 అని చూపిస్తుంది. అరవయ్యేళ్ళు వెనక్కి. స్టాటా, శాస్ తేదీలకి 21916, ఆర్ తేదీలకి 25569 కలిపితే ఎక్సెల్ సంఖ్య వస్తుంది, రెండు దారుల్లోనూ 43831 రావాలి.

సీఎస్‌వీ ఎందుకు వద్దంటున్నాను

సీఎస్‌వీ అంటే విలువల మధ్య కామాలు పెట్టి రాసే ఉత్త టెక్స్ట్ ఫైలు. అందులో షీట్లు ఉండవు, ఇది సంఖ్య, ఇది టెక్స్ట్ అనే రకాలు ఉండవు. ఐడీని మీరు ఎంత జాగ్రత్తగా టెక్స్ట్‌గా రాసినా, అవతలివాళ్ళు డబుల్ క్లిక్ చేసి తెరవగానే ఎక్సెల్ దాన్ని సంఖ్య చేసేస్తుంది. మనుషుల జన్యువుల పేర్లలో 'సెప్ట్1', 'మార్చ్1' లాంటివి ఇలాగే తేదీలుగా మారిపోతుంటే, జన్యువులకి పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చింది, మార్చిన సంగతి 2020లో వార్తలకెక్కింది. తెలుగు అక్షరాలున్న సీఎస్‌వీ అయితే బీఓఎమ్ గుర్తు (ఏ ఎన్‌కోడింగో ఫైలు మొదట్లోనే చెప్పేది) లేకుండా తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. తప్పదంటే ఆర్‌లో 'రైట్_ఎక్సెల్_సీఎస్‌వీ', పాండాస్‌లో 'యూటీఎఫ్-8-సిగ్' ఎన్‌కోడింగ్ వాడండి.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌ని అసలు ముట్టుకోకండి. దాంట్లో షీట్‌కి 65,536 వరుసలే, 256 కాలమ్‌లే. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా కోవిడ్ లెక్కల్లోంచి 15,841 కేసులు జారిపోయింది ఈ పాత ఫార్మాట్ హద్దు వల్లే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరుసలు, 16,384 కాలమ్‌లు పడతాయి. ఏదైనా గ్రూపు అంతకు మించితే అది ఎక్సెల్‌కి పంపాల్సిన డేటానే కాదు.

చివరి అడుగు: రాసిన ఫైలుని మళ్ళీ చదివించండి

ఎక్సెల్‌లో తెరిచి కళ్ళతో చూస్తే సరిపోదు. రాసిన ఫైలుని అదే సాఫ్ట్‌వేర్‌లోకి షీట్ షీట్‌గా తిరిగి చదివి, వరుసల సంఖ్యలన్నీ కూడండి. 1,200 రావాలి. అడుగు 2లో రాసిపెట్టుకున్న ఒక్కో జోన్ సంఖ్యతో ఒక్కో షీట్ సరిపోవాలి. ఖర్చు కాలమ్ మొత్తం అసలు ఫైల్లోని మొత్తంతో కలవాలి. ఐడీ కాలమ్‌లో ఎక్కడైనా రెండుసార్లు వచ్చినవి ఉన్నాయేమో చూడండి, లూప్‌లో షీట్ పేరు మారి డేటా మారకపోతే ఇక్కడే దొరుకుతుంది. ఈ నాలుగు తనిఖీలూ ఎక్స్‌పోర్ట్ స్క్రిప్ట్ చివరే రాసి పెట్టండి, లెక్క కలవకపోతే స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేలా.

సారాంశం షీట్‌లో సగటు పక్కన సంఖ్య కాలమ్ తప్పకుండా ఉంచండి. అది లేకపోతే చదివేవాళ్ళు నాలుగు జోన్ల సగటుల్ని కూడి నాలుగుతో భాగించేస్తారు, జోన్ల పరిమాణాలు వేర్వేరుగా ఉంటే ఆ లెక్క తప్పు. సర్వేకి వెయిట్లు (ఒక్కో వరుసకి లెక్కలో ఎంత బరువివ్వాలో చెప్పే సంఖ్యలు) ఉంటే సగటు వెయిట్‌తో తీసిందో కాదో హెడింగ్‌లోనే రాయండి. ఏ గ్రూపులోనైనా ఇద్దరు ముగ్గురే ఉంటే, ఆ సగటు చూసి మనిషిని గుర్తుపట్టే వీలుంటుంది కాబట్టి దాన్ని పక్క గ్రూపుతో కలపాలా, చూపించకుండా వదలాలా అన్నది ఫైలు పంపకముందే డేటా యజమానిని అడిగి తేల్చుకోండి.